సెవెల్ దొర జీవితం రాయబోతున్న అబ్బాయికి

చిరంజీవి నాన్నకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన పదిహేను పేజీలు రెండుసార్లు చదివాను. మొదటిసారి మామూలుగా చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. మద్రాసు సర్కారు అధికారి, విజయనగర చరిత్రకారుడు అయిన రాబర్ట్ సెవెల్ మీద తెలుగులో పుస్తకం రాయాలని నీకు తోచినందుకు చాలా సంతోషించాను. ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పాను. కృష్ణదేవరాయల గురించి అడిగితే ప్రతివాడూ లేచి నిలబడి చెప్పేవాడు. మనకు తెలిసిన రాయల రూపురేఖల్లో సగం ఎవరి పుస్తకం నుంచి వచ్చాయని అడిగితే మాత్రం ఒక్కడూ చెప్పలేదు.

నీ పేజీల్లో నాకు నచ్చనివి చెబుతాను, ఏమీ అనుకోకు. రెండో పేజీలో ఆయన్ని 'తెలుగువారికి మహోపకారి' అన్నావు. తొమ్మిదో పేజీకి వచ్చేసరికి అమెరికన్ చరిత్రకారుడు బర్టన్ స్టైన్ మాటలు పట్టుకుని 'సామ్రాజ్య సేవకుడు' అన్నావు. ఈ రెండు మాటలూ నీవి కావు. ఒకటి మన సభల్లో విన్నది, రెండోది నువ్వు చదివిన పుస్తకంలోది. మధ్యలో ఉన్న ఆరు పేజీల్లో ఆ మనిషి ఏం చేశాడో నాకు కనబడలేదు. తీర్పు తర్వాత చెప్పవచ్చు. ముందు ఆయన చేతులు ఏ ఏడు, ఏ ఊళ్ళో, ఏ పని చేశాయో రాయి.

పుట్టుకతో మొదలుపెట్టావు. 1845లో పుట్టాడు, 1925లో పోయాడు. అది ఒక్క వాక్యం చాలు. నేనైతే 1877లో అమరావతి దిబ్బ దగ్గర మొదలుపెడతాను. దీపాలదిన్నె అనే ఆ బౌద్ధ స్తూపం దిబ్బ దగ్గరికి ఆయన వచ్చేనాటికే అక్కడ చాలామంది చేతులు పడ్డాయి. పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి మకాం మార్చి అమరావతిలో కొత్త ఊరు కట్టించేటప్పుడు ఇటుకల కోసం, రాళ్ళ కోసం దాన్ని తవ్వించాడు. నడిమధ్యన చెరువు చేద్దామనీ చూశారు. ఆ రోజుల్లోనే కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, మళ్ళీ 1816 ప్రాంతంలో చిత్రకారులను వెంటబెట్టుకుని వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్ళు మద్రాసుకు పంపాడు, వాటిలో చాలా భాగం తర్వాత లండన్ వెళ్ళిపోయాయి. ఇన్ని దెబ్బలు తిన్న చోటుకు సెవెల్ వెళ్ళాడు. తవ్వి ఊరుకోకుండా, ఏ రాయి ఎక్కడ దొరికిందో రాసి పెట్టాడు. తనకంటే ముందు తవ్వినవాళ్ళు ఏం చూశారో పాత కాగితాల నుంచి ఏరి కూర్చాడు. ఆ నివేదిక 1880లో అచ్చయింది.

అదే 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ అమరావతి చూసి, దిబ్బ మొత్తం ఖాళీ చేయించమని ఉత్తర్వు ఇచ్చాడు. మరుసటేడు చివర పురావస్తు శాఖ తరఫున బర్జెస్ వచ్చి చూస్తే అక్కడ మిగిలింది పెద్ద గొయ్యి. ఏ పలక ఏ దిక్కున నిలబడి ఉండేదో చెప్పే ఆనవాలు చాలావరకు పోయింది. నేను మొదటిసారి ఈ సంగతి చదివిన రోజు అన్నం సయించలేదు. రెండు వేల ఏళ్ళ స్తూపం కదా! శత్రువులెవరూ పడగొట్టలేదు. బాగా చూడాలన్న తొందరలో పోయింది. సెవెల్ నివేదిక విలువ నీ పాఠకుడికి అర్థం కావాలంటే ఈ రెండు సంగతులూ పక్కపక్కనే పెట్టాలి. ఒక అధికారి నిదానించాడు. మరొక అధికారి ఉత్తర్వు ఇచ్చాడు. ఇద్దరూ ఒకే సర్కారు మనుషులు. 'తెల్లదొరలు' అని అందరినీ ఒక్క మూటలో కట్టి రాస్తే ఈ తేడా పోతుంది.

ఇక్కడే ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. నీ పేజీల్లో ఎక్కడా లేదు. 1877 అంటే ఏమిటి? మన పెద్దలు 'ధాత కరువు' అని చెప్పుకునే కరువు 1876లో, ధాత నామ సంవత్సరంలో మొదలైంది. 1878 దాకా మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) అంతా అల్లాడింది. బళ్ళారి, కర్నూలు, కడప సీమలు మరీ ఘోరంగా దెబ్బతిన్నాయి. బెజవాడ ఆనకట్ట 1855కే పూర్తయింది కనుక కృష్ణ కాలవల కింద కొంత నయం. ఆనకట్ట నీళ్ళు అందని మెట్ట తాలూకాల మాట వేరు. 1877 మొదట్లో భారత సర్కారు ప్రతినిధిగా రిచర్డ్ టెంపుల్ వచ్చి కరువు పనుల్లో రోజంతా కష్టపడే మగమనిషికి ఒక పౌను ధాన్యం, ఒక అణా కూలి చాలన్నాడు. జైల్లో ఖైదీకి ఇంతకంటే ఎక్కువ తిండి పెట్టేవారని అప్పుడే డాక్టర్లు గొడవ చేశారు. ఆ ఏట్లోనే అమరావతి దిబ్బ మీద పలుగూ పారా పడ్డాయి.

నేను సెవెల్‌ను బోనులో నిలబెట్టమని చెప్పడం లేదు. రెండూ ఒకే ఏడాదివని పాఠకుడికి తెలియాలి, అంతే. దిబ్బ మీద మట్టి మోసినవాళ్ళు ఎవరు, వాళ్ళకు ఎంత ఇచ్చారు, ఆ డబ్బు ఏ పద్దులోంచి వచ్చింది? ఈ ప్రశ్నలు చీటీ మీద రాసుకుని ఎగ్మోరులోని తమిళనాడు అభిలేఖాగారానికి వెళ్ళు. అదే పాత మద్రాసు రికార్డు ఆఫీసు. సెవెల్ కొంతకాలం ఆ రికార్డుల సంరక్షకుడిగా కూడా పనిచేశాడు. అంటే నువ్వు అడిగే కాగితాల మీద ఆయన పెత్తనం ఉండేదన్న మాట. నీకు జవాబు దొరికితే అది నీ పుస్తకంలో కొత్త సంగతి అవుతుంది. దొరక్కపోతే ప్రశ్నను ప్రశ్నగానే వదిలేయి. ఊహించి మాత్రం నింపకు.

వెళ్ళేముందు ఒకటి గుర్తుపెట్టుకో. గుంటూరు జిల్లా పేరుతో వెతికితే నీకేమీ దొరకదు. 1859లో గుంటూరును మచిలీపట్నంతో కలిపి కృష్ణా జిల్లా చేశారు, మళ్ళీ 1904లోనే విడదీశారు. కనుక సెవెల్ కాలంలో అమరావతి కృష్ణా జిల్లాలో ఉంది. హంపి బళ్ళారి జిల్లాలో, మద్రాసు రాజధానిలోనే ఉంది. ఇప్పటి మ్యాపు పక్కన పెట్టు. నేను మొదట్లో ఈ సంగతి తెలియక ఎండాకాలం సెలవుల్లో పది రోజులు తప్పుడు కట్టలు విప్పుకుంటూ కూర్చున్నాను.

ఇక జాబితాల గురించి. ఆయన పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. 1882లో మద్రాసు రాజధానిలోని ప్రాచీన అవశేషాల జాబితా మొదటి సంపుటం వచ్చింది. 1884లో రెండోది వచ్చింది, అందులో శాసనాల పట్టికలూ దక్షిణాది రాజవంశాల సంగ్రహమూ ఉన్నాయి. జిల్లా, తాలూకా, ఊరు వరసలో సాగుతుంది. ఫలానా ఊళ్ళో పాత గుడి ఉంది, దాని ముందు రాతి మీద శాసనం ఉంది, చదవగలిగితే శక సంవత్సరం ఇది, ఊరివాళ్ళు చెప్పేది ఇది. అంతే. చదవడానికి చప్పగా ఉంటుంది. కానీ మన జిల్లాల్లో ఏ ఊరి చరిత్ర మొదలుపెట్టాలన్నా ఇప్పటికీ ఆ పేజీ తిప్పాల్సిందే.

ఒక మనిషి వేల ఊళ్ళు ఎలా తిరిగాడని నీకు అనుమానం రావాలి. అంతా తిరగలేదు. సర్కారు యంత్రాంగం తిరిగింది. పైనుంచి తాకీదు వస్తుంది, తాలూకా కచ్చేరి దాన్ని కిందికి పంపుతుంది, ఊళ్ళో దండకవిలెలు, అంటే ఊరి లెక్కల పుస్తకాలు, రాసే కరణాల చేతులే గుడి దగ్గరికి వెళ్ళి రాయి చూసి వివరం పంపుతాయి. శిస్తు వసూలు చేసే దారిలోనే చరిత్ర కూడా వెళ్ళింది. చాలా ఏళ్ళ క్రితం ఆ జాబితా జిరాక్సు చేతిలో పెట్టుకుని పల్నాడు వైపు ఒక ఊరికి వెళ్ళాను. గుడికి తూర్పున శాసనం ఉందని అచ్చులో ఉంది. గుడి ఉంది, రాయి లేదు. ఊరంతా అడిగాక ఒక పెద్దాయన తన పశువుల కొట్టం గడప చూపించాడు. రాయి బోర్లా పడుకుని ఉంది. తిప్పించి, నీళ్ళు పోసి, సున్నం రాసి చదివాం. ఆయన కరణాల ఇంటివాడు. 'మా ముత్తాత దీని గురించి దొరలకు రాసి పంపాడని ఇంట్లో అనుకునేవారు' అన్నాడు. ఆ ముత్తాత పేరు సెవెల్ పుస్తకంలో లేదు. నా వ్యాసంలోనూ అప్పుడు రాయలేదు. అది నా తప్పు, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి పేర్లు మనకు తెలుసు. వాళ్ళ మీద ఇప్పుడు పుస్తకాలు వస్తున్నాయి. సెవెల్ జాబితాల వెనక ఉన్న కరణాల పేర్లు ఎవరికీ తెలియవు. నువ్వు ఐదారు ఊళ్ళు ఎంచుకుని ఆ ఇళ్ళకు వెళ్ళు. పాత పెట్టెల్లో ఏమున్నాయో అడుగు. దొర జీవితం రాసే పుస్తకంలో ఈ అధ్యాయం ఉంటే అది మన పుస్తకం అవుతుంది. లేకపోతే లండన్‌లో కూర్చుని ఎవరైనా రాయగలిగేదే.

పేరు చెప్పి రాసిన సందర్భం కూడా ఒకటి ఉంది, దాన్ని దాటేయకు. 1896లో వచ్చిన 'ది ఇండియన్ క్యాలెండర్' మీద ఇద్దరి పేర్లు ఉన్నాయి. సెవెల్ ఒకరు, శంకర బాలకృష్ణ దీక్షిత్ రెండో వారు. దీక్షిత్ గారు మరాఠీ పండితులు, ట్రైనింగ్ కాలేజీలో పంతులు. భారతీయ జ్యోతిషం మీద మరాఠీలో ఆయన రాసిన గ్రంథం ఇప్పటికీ మేటిది. ఆ రోజుల్లో ఇంగ్లీషు అధికారి పేరు పక్కన ఒక భారతీయుడి పేరు అట్ట మీదికి ఎక్కడం మాటలు కాదు.

ఆ పుస్తకం ఎందుకు వచ్చిందో సామాన్య పాఠకుడికి అర్థమయ్యేలా నువ్వే చెప్పాలి. శాసనంలో శక వర్షం, సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం ఉంటాయి. వాటిని ఇంగ్లీషు తేదీకి మార్చాలి. శకానికి 78 కలిపితే సరిపోతుందని బళ్ళో చెబుతారు. ఆ సూత్రం నన్ను నలుగురిలో తలదించుకునేలా చేసింది. ఒక సెమినార్‌లో తళ్ళికోట యుద్ధం సంగతి చదువుతూ, శక 1486 రక్తాక్షి కాబట్టి 1564 అని కాగితంలో రాశాను. వెనక వరసలో కూర్చున్న ఒక ముసలి మాస్టారు లేచి, 'అమ్మా, ఉగాది ఎప్పుడొస్తుంది?' అని ఒకే ఒక్క ప్రశ్న వేశారు. యుద్ధం జరిగింది జనవరిలో. మన సంవత్సరం చైత్రంతో మారుతుంది. అప్పటికి ఉగాది రాలేదు, ఇంకా రక్తాక్షే నడుస్తోంది, ఇంగ్లీషు ఏడు మాత్రం మారిపోయింది. కాబట్టి 79 కలపాలి. 1565 జనవరి 23, మంగళవారం. ఆ రోజు ఇంటికి వచ్చి సెవెల్, దీక్షిత్‌ల పట్టికలు ముందు పెట్టుకుని లెక్క కట్టడం నేర్చుకున్నాను. నువ్వు కూడా కంప్యూటర్‌లో చూసుకోకుండా కనీసం ఐదు శాసనాల తేదీలు చేత్తో కట్టు. ఆ మనిషి ఇరవై ముప్పై ఏళ్ళు ఏ లెక్కల్లో మునిగి బతికాడో అప్పుడుగాని నీకు తెలియదు. 1898లో చంద్రగ్రహణాల మీద, 1912లో కాలగణన మీద మళ్ళీ రాశాడు. అంత పిచ్చి ఆయనకు.

ఆ పిచ్చి ఎక్కడ పనికొచ్చిందో చూపించాలంటే రాయచూరు యుద్ధం తీసుకో. ఆయన రాసిన విజయనగర చరిత్ర 'ఎ ఫర్గాటెన్ ఎంపైర్' 1900లో వచ్చింది. పారిస్‌లో ఉన్న పోర్చుగీసు రాతప్రతిని డేవిడ్ లోపెస్ 1897లో అచ్చు వేయిస్తే, అందులోని పోర్చుగీసు యాత్రికులు డొమింగో పేస్, న్యూనిజ్‌ల కథనాలను సెవెల్ ఇంగ్లీషు చేసి తన పుస్తకంలో చేర్చాడు. రాయలు ఆ యుద్ధం చేసింది 1522 మే నెలలో, కొత్త చంద్రుడి శనివారం నాడు అని న్యూనిజ్ రాశాడు. సెవెల్ లెక్క కట్టి చూస్తే 1522 మేలో అమావాస్య ఆదివారం పడింది. అదే 1520లో అమావాస్య గురువారం, నెలవంక కనబడేది శనివారం, మే 19. మిగతా సాక్ష్యాలూ 1520 వైపే చూపిస్తున్నాయి. అలా న్యూనిజ్ రాసిన ఏడాదిని కాదని, వారాన్ని నిలబెట్టాడు. ఈ ఒక్క ఘట్టం నాలుగు పేజీలు రాయి, అడ్డమేమీ లేదు. ఒక చరిత్రకారుడి బుర్ర ఎలా పనిచేస్తుందో ఇంతకంటే బాగా చూపించే చోటు నాకు కనబడలేదు.

పేస్ వర్ణన నీకు తెలిసిందే. రాయలు మరీ పొడుగూ పొట్టీ కాదని, ముఖాన అమ్మవారు పోసిన మచ్చలున్నాయని, తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒంటికి పట్టించి, కత్తి తిప్పి, కుస్తీ పట్టి, గుర్రమెక్కేవాడని, పట్నం రోమంత ఉందని. మన పిల్లలు బళ్ళో చదివే రాయలు ఈయనే. 1900 తర్వాత ఈ కథనాలు సెవెల్ ఇంగ్లీషులోంచే మన పుస్తకాల్లోకి నడిచి వచ్చాయి.

అయితే ఆ పుస్తకాన్నే నువ్వు గట్టిగా ప్రశ్నించాలి. విజయనగరాన్ని ఆయన దక్షిణాన ముస్లిం దండయాత్రలకు అడ్డుగోడలా నిలబెట్టాడు. దానికి తగ్గట్టే కథ నడిపించాడు. తళ్ళికోట తర్వాత పట్నాన్ని నెలల తరబడి నిప్పుతో, గునపాలతో, గొడ్డళ్ళతో నాశనం చేశారని రాసిన ఆ పేరా చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ తర్వాత హంపి వెళ్ళి చూడు. విఠలాలయం దగ్గర కాలిన గుర్తులు చూస్తావు. విరూపాక్షుడి గుడి మాత్రం నిలబడి ఉంది, ఇవాళ్టికీ పూజలు జరుగుతున్నాయి. రాయల కొలువులో ముస్లిం సైనికులు ఉండేవారు. సెవెల్ ఎక్కువగా ఆధారపడ్డ చరిత్రకారుడు ఫెరిష్తా బీజాపూరు సుల్తాను కొలువులో కూర్చుని రాశాడు, పోర్చుగీసువాళ్ళు గుర్రాల బేరానికి వచ్చినవాళ్ళు. ఒక్కొక్కరికీ ఒక్కో అవసరం. ఇంగ్లీషు పాలన వచ్చాక జనం కుదుటపడ్డారని అనిపించడం సెవెల్ అవసరం. స్టైన్ చెప్పింది ఇదే, అది నిజమే. కానీ ఆ మాట నువ్వు స్టైన్ నోటితో చెప్పకు. పుస్తకం తెరిచి, ఆ వాక్యం చూపించి, నీ నోటితో చెప్పు.

సామ్రాజ్యం పుట్టుక దగ్గర మాత్రం ఆయన నిజాయితీ నాకు నచ్చింది. హరిహర బుక్కల గురించి జనంలో ఉన్న కథలన్నీ ఒకదాని కింద ఒకటి వేశాడు. తర్వాత తనకు ఏది సబబనిపించిందో చెప్పాడు. ఓరుగల్లు కొలువులో ఖజానా ఉద్యోగులైన అన్నదమ్ములు 1323లో ఆ పట్నం పడిపోయాక ఆనెగొందికి వచ్చారన్నది ఆయన మొగ్గు. మన నేలటూరి వెంకటరమణయ్యగారు తర్వాత ఈ చర్చను ఎంతో దూరం తీసుకెళ్ళారు. ఆయన్ని చదవకుండా ఆ అధ్యాయం ముట్టుకోకు.

ఇంకొక్క మాట. నీ వరసలో 1877 దగ్గర ఒక చిన్న గీత గీసి పెట్టుకో. సెవెల్ దిబ్బ తవ్విన ఆ ఏటే, అదే కృష్ణా జిల్లాలో, పెనుగంచిప్రోలులో కొమర్రాజు లక్ష్మణరావు గారు పుట్టారు. ముప్పై ఏళ్ళకల్లా విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి తెలుగువాళ్ళ చేత తెలుగులో చరిత్ర రాయించారు. సెవెల్ రిటైరై ఇంగ్లండులో శాసనాల తేదీలు కట్టుకుంటున్న రోజుల్లో ఇక్కడ మనవాళ్ళు సొంతంగా రాళ్ళు చదవడం మొదలుపెట్టారు. ఆయన చివరిదాకా పోగు చేసిన శాసనాల వివరాలు పోయిన ఏడేళ్ళకు, 1932లో, కృష్ణస్వామి అయ్యంగారు సరిదిద్దగా మద్రాసు విశ్వవిద్యాలయం అచ్చు వేసింది. ఒక ఇంగ్లీషాయన వదిలిన పని ఒక అయ్యంగారి చేతుల్లో పూర్తయింది. నీ ఆఖరి అధ్యాయం అక్కడ ఆపితే బాగుంటుందని నా ఆలోచన. నీ ఇష్టం.

ఉద్యోగం చేసుకుంటూ రాయడం టెన్షనే, నాకు తెలుసు. నెలకొక ఏడాది చొప్పున పట్టుకో. ఈ నెల 1877 ఒక్కటే చూడు, ఇంకేదీ వద్దు. సంక్రాంతికి వచ్చినప్పుడు రెండు రోజులు ఎక్కువ సెలవు పెట్టుకుని రా. మొదటి రోజు అమరావతి వెళ్దాం. దిబ్బ చుట్టూ ఒకసారి నడిచి, సెవెల్ నివేదికలోని పటం చేతిలో పట్టుకుని ఎక్కడ నిలబడ్డాడో చూద్దాం. నడక నాకు కష్టమే కానీ వస్తాను. రెండో రోజు ఆ పల్నాడు ఊరు వెళ్ళాలి. పెద్దాయన ఉన్నాడో లేడో, వాళ్ళ పిల్లలైనా ఉంటారు. ముత్తాత పేరు ఈసారి అడిగి రాసుకుందాం. జాబితాల రెండు సంపుటాల జిరాక్సులూ బైండు చేయించి నీకోసం పక్కన పెట్టాను. మార్జిన్లలో నా రాతలున్నాయి, వాటిని నమ్మకుండా నువ్వు మళ్ళీ సరిచూసుకో.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ
గుంటూరు